మర్యాదకు లోటు రాకూడదు

ఆ ఏడాది మే నెలను మా రాష్ట్ర పోలీసు శాఖవారు మర్యాద మాసంగా ప్రకటించారు. అంతకు ముందు ఏడాది చిరునవ్వు వారం జరిపారు గానీ, నవ్వుతూ ఎదురొచ్చిన పోలీసును చూసి హడలిపోయి కొందరు కాలవలో దూకేశారట. అందుచేత ఈసారి నవ్వుల జోలికి పోకుండా ఒట్టి మర్యాదతో సరిపెట్టాలని పైవారు నిర్ణయించారని విన్నాను.

ఉత్తర్వు మా పాలవరపుపేట స్టేషనుకు కూడా వచ్చింది. మంచి తెలుగులో ఉంది. వచ్చిన చిక్కంతా ఆ తెలుగుతోనే వచ్చింది. "స్టేషనుకు వచ్చిన ప్రతి పౌరునికీ, కులమత వయోలింగ భేదములు పాటించక, ఫిర్యాదుదారు అనియు అనుమానితుడు అనియు తారతమ్యము చూడక, పూర్తి మర్యాద జరగవలెను. మర్యాదకు ఎట్టి పరిస్థితులలోనూ లోటు రాకూడదు. లోటు చేసిన సిబ్బందిపై తగు చర్య తీసుకొనబడును."

దీన్ని రాసినవారు రాజధానిలో చల్లటి గదిలో కూర్చుని రాశారు. వారి ఉద్దేశంలో మర్యాద అంటే కుర్చీ చూపించి మంచినీళ్ళివ్వడం. మా స్టేషనులో ఆ మాటకు ఎప్పుడూ ఆ అర్థం లేదు. హెడ్డు కానిస్టేబులు అబ్బులుగారు ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఆ మాటను ఒక్క అర్థంలోనే విన్నారు, ఆ అర్థంలోనే ఆచరించారు. "వీణ్ణి లోపలికి తీసుకెళ్ళి కాస్త మర్యాద చెయ్యండి" అని ఎస్సైగారు అంటే, మా ఊళ్ళో ఏ కానిస్టేబులూ కాఫీ తేవడానికి బయలుదేరడు.

నేనెవరినంటే, హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. మర్యాద మాసం జరపడానికి ప్రతి స్టేషనుకూ ఒక పౌర సంఘం ఉండాలని ఉత్తర్వులో ఉంది గనుక, దానికి నన్ను అధ్యక్షుణ్ణి చేశారు. ఊళ్ళో పనిలేకుండా ఉన్నవాడూ, శాలువా కప్పుతామంటే వద్దనలేనివాడూ నేనేనని ఎస్సై మార్తాండరావుగారు విచారించి తెలుసుకున్నారట. ఆయన విచారణలో నిజం తేలిన సందర్భం నాకు తెలిసి ఇదొక్కటే.

మొదటి సమావేశంలో అబ్బులుగారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పనిచేశారు.

"మీరైనా చెప్పండి మాస్టారూ. అనుమానం ఉన్నోడికంటే సరేనండి, రోజూ ఉండేదే. ఫిర్యాదు ఇవ్వడానికొచ్చినోళ్ళక్కూడా చెయ్యాలంటన్నారు. ఆడోళ్ళనీ ముసలోళ్ళనీ చూడొద్దంటన్నారు. ఇంతమందికి మర్యాద చెయ్యాలంటే మనుషులేరండి? నాకా, కుడి భుజం పట్టేసి చెయ్యి పైకి లేవట్లేదు."

"అబ్బులుగారూ," అన్నారు ఎస్సై గంభీరంగా, "డిపార్టుమెంటు ఆలోచించకుండా ఏ ఉత్తర్వూ పంపదు. పంపాక మనం ఆలోచించకూడదు."

సంగతి ఎటు పోతోందో నాకప్పుడు అర్థమైంది. తెలుగు మాస్టారుగా నా కర్తవ్యం నిర్వర్తించడానికి లేచి నిలబడ్డాను. "ఎస్సైగారూ, మర్యాద అనే మాటకు మూలార్థం హద్దు. మనిషి మనిషితో దాటకూడని గీత అన్నమాట."

"హద్దు!" ఎస్సైగారి మొహం విప్పారింది. "అంటే స్టేషను పరిధి. బాగా చెప్పారు. అబ్బులుగారూ, విన్నారా? మన పరిధి దాటి వెళ్ళి ఎవరికీ చెయ్యక్కర్లేదు. పరిధిలోకి వచ్చినవాళ్ళకు చేస్తే చాలు."

అబ్బులుగారు ఊపిరి పీల్చుకున్నారు. నేను పాండిత్యం పక్కన పెట్టి వాడుక భాషలోకి దిగాను. "అది కాదండీ. వచ్చినవాళ్ళకు కుర్చీ వెయ్యమని దాని అర్థం."

"కుర్చీ వేయించడం మాకు తెలియనిదా మాస్టారూ? గోడకుర్చీ. అది మర్యాదల్లో చిన్నది."

"మంచినీళ్ళిమ్మని."

"మూడు చెరువుల నీళ్ళు తాగిస్తాం. మీరు నిశ్చింతగా ఉండండి," అని శాలువా కప్పారు. ఎండాకాలం శాలువా కప్పుకుని ఇంటికొచ్చాను.

మర్యాద మాసం మొదలైంది. మొదటి రోజున సైకిలు పోయిందని చెప్పుకోవడానికి వెళ్ళిన ఎరువుల కొట్టు గుమాస్తాకు మర్యాద జరిగింది. బయటికొచ్చాక ఆయన తన సైకిలు పోలేదనీ, అసలు తనకు సైకిలు తొక్కడమే రాదనీ అడగనివాళ్ళకు కూడా చెప్పుకుంటూ వెళ్ళిపోయాడు. ప్రహరీ గోడ దగ్గర పదేళ్ళుగా కొట్టుకుంటున్న అన్నదమ్ములు ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెప్పడానికి వెళ్ళి, ఒకరి భుజం ఒకరు పట్టుకుని తిరిగొచ్చారు. వాళ్ళు ఆ తర్వాత మళ్ళీ గొడవ పడలేదు. పోస్టుమాన్ స్టేషను ఉత్తరాలను ప్రహరీ మీదుగా లోపలికి విసిరేసి పరుగెత్తడం అలవాటు చేసుకున్నాడు. స్టేషను వీధిలో ఉన్న టైలరు తన షాపుకు వెనకవైపు గుమ్మం పెట్టించుకున్నాడు.

వారం తిరిగేసరికి ఫిర్యాదు అన్నదే లేకుండా పోయింది. డీఎస్పీగారు పనిగట్టుకుని వచ్చి చూసి ముగ్ధులయ్యారు. "పాలవరపుపేటలో నేరాలు సున్నా! పోలీసువారిని శ్రమ పెట్టకూడదనే సంస్కారానికి ప్రజలు ఎదిగారు. ఇది మర్యాద యొక్క మహిమ," అని మాట్లాడారు. కానీ వెళ్తూ వెళ్తూ ఒక్క మాట అనేసి వెళ్ళారు. "అన్నీ బాగున్నాయి గానీ మార్తాండరావ్, నాలుగు రోజులుగా ఎవరికీ మర్యాద జరిగినట్టు లేదే? లోటు రాకూడదన్నారు. చూసుకో."

ఎస్సైగారికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. మర్యాద చేద్దామంటే మనిషి లేడు. వీధిలో కనబడ్డవాళ్ళను పిలుద్దామంటే వీధిలో ఎవరూ కనబడటం లేదు. సరిగ్గా ఆ సమయంలో పంపన తాతబ్బాయి ఫోనులో మాట్లాడాడు.

తాతబ్బాయి అంటే మా ప్రాంతంలో పెళ్ళి మర్యాదలకు పెట్టింది పేరు. వంట చెయ్యడు. వడ్డన, విడిది ఏర్పాట్లు పురమాయిస్తాడు. మగపెళ్ళివారు బస్సు దిగినప్పటి నుంచి తాంబూలాలు పుచ్చుకుని మళ్ళీ బస్సెక్కేదాకా వాళ్ళు ఏ పూటా ఏ లోటూ ఎరగకుండా చూసే బాధ్యత అతనిది. అతను కొసరి కొసరి పెట్టించిన విస్తరి ముందు నుంచి ఒకరి సాయం లేకుండా లేచినవాళ్ళను నేను చూడలేదు. మా ఇంట్లో రెండు పెళ్ళిళ్ళు అతనే గట్టెక్కించాడు. ఆ వారంలో జరగబోయే రైసుమిల్లు యజమాని కూతురి పెళ్ళి కూడా అతనే ఒప్పుకున్నాడు. పెళ్ళికొడుకు ఒక మంత్రిగారి అబ్బాయి. మంత్రిగారు పరమ శాంతమూర్తి, ఆయనకు లోకంలో శత్రువులే లేరు. అందుకే ఆయనకు భద్రత ఎక్కువ. పెళ్ళితో సంబంధం ఉన్న ఫోనులన్నీ పోలీసువారు భద్రంగా వింటున్నారు.

తాతబ్బాయి తన వడ్డన కుర్రాళ్ళతో మాట్లాడిన మాటలు ఇవి. ఎస్సైగారు నాకు తర్వాత స్వయంగా వినిపించారు.

"ఒరే, మగపెళ్ళోరు బస్సు దిగీ దిగ్గానే మర్యాదలు మొదలైపోవాలి. ఊపిరి తీసుకోడానిక్కూడా టైమివ్వకండి. ముందు కాళ్ళ దగ్గర్నుంచి మొదలెట్టండి. వద్దు బాబోయ్ అని చేతులడ్డం పెడతారు. వినకండి. వద్దన్నోడికి ఇంకో రెండు వెయ్యండి. ముసలోళ్ళని అసలొదలొద్దు. మంత్రిగారి జోలికి మీరెవరూ ఎల్లకండి, ఆయనకి నేనే స్వయంగా చేత్తాను. ఇంటికెళ్ళి మంచమెక్కినా సరే, నెల్రోజులు మన పేరే తల్చుకోవాలి."

కాళ్ళు కడగడం, బూరెలు వెయ్యడం ఎరిగిన మనిషికి ఇందులో పెళ్ళి తప్ప ఇంకేమీ వినబడదు. కానీ ఎస్సైగారు ముప్పై ఏళ్ళ వయసులో నేరుగా ట్రైనింగు నుంచి వచ్చారు. ఇంకా పెళ్ళి కాలేదు. సెలవు దొరక్క ఎవరి పెళ్ళికీ వెళ్ళలేదు. మర్యాద, వెయ్యడం, కాళ్ళ దగ్గర్నుంచి మొదలెట్టడం, వీటన్నిటికీ ఆయనకు స్టేషను అర్థాలే తెలుసు. రెండుసార్లు విని చెమటలు తుడుచుకున్నారట.

పెళ్ళి రేపనగా తాతబ్బాయిని పందిట్లోంచి జీపెక్కించారు. జీపులో అతని పన్నీరు బుడ్డి కూడా ఎక్కించారు.

అతని భార్య నూకరత్నం మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. "మాస్టారండీ, మీరు ఆ సంఘానికి పెద్దంట కదా. మా ఆయన్ని తీసుకెల్లిపోయేరండి. ఏం చేసేవయ్యా అనడిగితే ఆయనకే తెలవలేదు. ఆయనకి అసలే షుగరండి. కాలి మీద పుండు ఇప్పుడిప్పుడే మానతంది. మీరెల్లి ఒక్క మాట చెప్పండి బాబూ."

ఒక్క మాట చెప్పడానికి స్టేషనుకు వెళ్ళాను. గేటు దగ్గర ఆగి, "అబ్బులుగారూ, ఊరికే వచ్చాను. నాకు మర్యాదలేం వద్దు," అని ముందే చెప్పాను.

"మీకిప్పుడెందుకండీ? మీరు అధ్యక్షులు కదా," అన్నారు అబ్బులుగారు ఆప్యాయంగా. "మీకు ముగింపు సభలో చేత్తారు." అక్కడి నుంచే వెనక్కి తిరగబోయాను గానీ నూకరత్నం మొహం గుర్తొచ్చి లోపలికి నడిచాను.

"తాతబ్బాయిని అరెస్టు చేశారటగా," అన్నాను ఎస్సైగారితో.

ఆయన నొచ్చుకున్నారు. "ఎంత మాటన్నారు మాస్టారూ! అరెస్టయితే ఇరవైనాలుగు గంటల్లో కోర్టులో హాజరుపరచాలి. ఇది పిలుపు. పెళ్ళికి పిలిచినట్టే. పిలిచినవాణ్ణి మర్యాద చెయ్యకుండా పంపిస్తామా?"

"మరి ఇరవైనాలుగు గంటలు దాటితే?"

"దాటదు. రోజూ సాయంత్రం అబ్బులుగారు అతన్ని ఎదురుగా టీ బడ్డీ దాకా నడిపించి టీ ఇప్పిస్తారు. గుమ్మం దాటాడు గనుక ఆ పిలుపు అయిపోయింది. టీ తాగాక మళ్ళీ పిలుస్తాం. చట్టం ఎక్కడా చిరగదు."

నేను చూస్తుండగానే విచారణ మొదలైంది. తాతబ్బాయి నేల మీద కూర్చున్నాడు. పందిట్లోంచి అట్నుంచటే తెచ్చారేమో, భుజం మీద వడ్డన తువ్వాలు అలాగే ఉంది. నన్ను చూసి ధైర్యం వచ్చి నవ్వాడు.

"పెళ్ళివారికి మర్యాద చెయ్యాలని పథకం వేశావా, లేదా?" అన్నారు ఎస్సై.

"వేశానండి. వెయ్యకపోతే ఎలాగండి? రెణ్ణెల్ల నుంచి అదే పన్లో ఉన్నామండి."

ఎస్సైగారు నా వైపు చూశారు. నేరం ఇంత తేలిగ్గా ఒప్పుకున్నవాణ్ణి ఆయన అంతవరకూ చూడలేదు. "ఇంతకు ముందు కూడా చేశావా?"

"అయ్యో, అదేం మాటండి! ఈ జిల్లాలో మన చేతి మర్యాద ఎరగని పెద్దోళ్ళున్నారేటండి? కలెక్టర్లకి చేశాను. జడ్జీగారింట్లో చేశాను. పాత ఎస్పీగారి అమ్మాయి పెళ్ళిలో అటేపోళ్ళు వందమందొత్తే ఒక్కణ్ణొదల్లేదండి. మీదుమిక్కిలి ఎస్పీగారిని కూడా కూకోబెట్టి చేసేశాను. పాపం ఆయన లెగలేపోయేరండి. ఇద్దరు పట్టుకుని కారెక్కించేరు."

"ఎస్పీగారికా!" అబ్బులుగారు గోడకు ఆనుకున్నారు.

"మరి ఆయన కేసు పెట్టలేదే?" అన్నారు ఎస్సై నెమ్మదిగా.

"కేసెందుకండీ? ఎల్లేటప్పుడు నన్ను వాటేసుకుని, తాతబ్బాయ్, మా రెండో అమ్మాయి పెళ్ళిక్కూడా నువ్వే రావాలన్నారండి."

ఎస్సైగారు నన్ను పక్కకు తీసుకెళ్ళారు. "చూశారా? కరడుగట్టినవాడు. బాధితులు ఎంత హడలిపోయారంటే, కేసు పెట్టకపోగా రెండోసారి కూడా పిలిచారు. వీడి వెనక పెద్ద ముఠా ఉంది. పన్నీరు బుడ్డిలో ఉన్న ద్రవాన్ని పరీక్షకు పంపాను. వాసన బాగుంది, ప్రయోజనం అంతుపట్టలేదు అని ప్రాథమిక నివేదిక వచ్చింది."

ఎస్సైగారికి పెళ్ళి సంగతులు చెప్పాను. కాళ్ళు కడగడం చెప్పాను. బూరెలు చెప్పాను. చేతులడ్డం పెట్టినా నెయ్యి వెయ్యడం చెప్పాను. అంతా విని ఆయన, "మాస్టారూ, మీరు తెలుగు చెప్పారు గనుక మీకు అన్ని మాటలకూ మంచి అర్థాలే తోస్తాయి. మేం ప్రజల మధ్య పనిచేసేవాళ్ళం. మాకు వాడుక తెలుసు," అన్నారు. తర్వాత తలుపు వేశారు.

తాతబ్బాయి గొంతు పందిట్లో మైకు లేకుండా ఆ చివర విస్తరి దాకా వినబడుతుంది. "ఆ మూల బాబుగారికి ఇంకో బూరె" అని పిలిస్తే అటువైపు వాళ్ళంతా చేతులడ్డం పెట్టుకుంటారు. ఆ గొంతు తలుపు వెనక నుంచి వేరేగా వినబడింది. ముఠాలో ఎవరెవరున్నారని అడుగుతున్నారు. అతను తన వడ్డన కుర్రాళ్ళ పేర్లు చెప్పలేదు. "నేనొక్కణ్ణేనండి, నేనొక్కణ్ణేనండి" అంటున్నాడు. ఆ మనిషి వడ్డించిన బూరెలు తిన్నాను నేను. వెళ్ళి తలుపు బాదాను. ఎస్సైగారు కాస్త తీసి, "లోటు చేస్తే నా మీద చర్య తీసుకుంటారు మాస్టారూ. మీ కళ్ళారా ఉత్తర్వు చూశారు," అని మళ్ళీ వేసేశారు. ఆ గొంతులో కోపమేమీ లేదు. పని మధ్యలో అడ్డొచ్చిన చుట్టానికి చెప్పినట్టు చెప్పారు.

మర్నాడు పెళ్ళి జరిగింది. పెద్దదిక్కు లేకపోయేసరికి వడ్డన కుర్రాళ్ళు చెల్లాచెదురయ్యారు. బస్సులు దిగిన మగపెళ్ళివారికి కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చినవాళ్ళు లేరు. పంక్తిలో మంత్రిగారి విస్తట్లో బూరె రెండోసారి పడలేదు. తాళి కట్టించి అందరూ మూతులు ముడుచుకుని బస్సెక్కేశారు. "మా జన్మలో ఇంత మర్యాద లేని పెళ్ళి చూడలేదు," అని మంత్రిగారు నలుగురిలో అన్నారట.

ఆ మాట ఎస్సైగారి చెవిన పడింది. ఆయన ఆనందం చెప్పనలవి కాదు. "విన్నారా మాస్టారూ? స్వయంగా మంత్రిగారే చెప్పారు. ఒక్కరికీ మర్యాద జరగలేదు! ఒక్క దెబ్బ పడలేదు! కుట్రను మొగ్గలోనే తుంచేశాం."

"వారు కోపంగా వెళ్ళారండీ."

"ప్రాణం కాపాడినవాణ్ణి ఎవరూ మెచ్చుకోరు. అది మా ఉద్యోగంలో మామూలే."

పై నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. దాంతోనే తాతబ్బాయి కొంప మునిగింది. కుట్ర భగ్నమైనట్టు పైకి రాసుకున్నాక కుట్రదారు లేకపోతే ఎలా? అతన్ని వదిలితే ప్రశంసాపత్రం వదులుకోవాలి. ముఠా పేర్లు చెప్పేదాకా టీ బడ్డీ దాకా నడిపించడం, మళ్ళీ పిలవడం సాగుతూనే ఉంది. మొదట్లో అతను బడ్డీ దాకా నడిచాడు. తర్వాత పట్టుకుని నడిపించారు. ఆ తర్వాత టీ గ్లాసే గుమ్మం దగ్గరికి తెచ్చి, అతని కాళ్ళు గుమ్మం అవతలికి జాపించి తాగించడం చూశాను. కాళ్ళు దాటితే మనిషి దాటినట్టేనని ఎస్సైగారు తేల్చారు. ఆ పాదాలు ఏ చెప్పులోనూ పట్టేటట్టు లేవు. మానుతున్న పుండు మళ్ళీ విచ్చుకుంది. నూకరత్నం రోజూ క్యారియరు తెచ్చి గేటు బయట నిలబడేది. "అన్నం ముట్టనిత్తన్నారా అండి?" అని అబ్బులుగారిని అడిగేది. ఆయన తల తిప్పుకునేవారు.

ఇంక లాభం లేదని రాజధానిలో ఉన్న పౌర గౌరవ మండలికి నేను అర్జీ పెట్టాను, నూకరత్నం వేలిముద్ర వేసింది. మండలి వారు ఆశ్చర్యం కలిగించేంత త్వరగా కదిలారు. మర్యాద మాసం పూర్తి కాకముందే అర్జీలన్నీ పూర్తిచెయ్యాలని వారికీ ఒక ఉత్తర్వు ఉందట. మండలి పంపిన సభ్యులవారొకరు నెరిసిన జుట్టుతో, ఇస్త్రీ ఖద్దరుతో, తండ్రిలాంటి మొహంతో కారు దిగారు. ఆయన్ని చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నూకరత్నం ఆయన కాళ్ళకు దండం పెట్టింది. "భయపడకమ్మా, సత్యం తెలుసుకోవడానికే వచ్చాం," అన్నారాయన.

స్టేషను కడిగి ముగ్గులు పెట్టారు. తాతబ్బాయికి ఉతికిన చొక్కా తొడిగి కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్ళ మీద దుప్పటి కప్పారు. మే నెలలో దుప్పటి ఏమిటని సభ్యులవారు అడగలేదు. ఆయనకు ఎదురుగా ఎస్సైగారు, వెనక అబ్బులుగారు నిలబడ్డారు. అబ్బులుగారు పట్టేసిన భుజాన్ని మెల్లగా తిప్పుకుంటున్నారు.

"నాయనా, సూటిగా అడుగుతాను," అన్నారు సభ్యులవారు. "ఈ స్టేషనులో నీకు మర్యాద జరిగిందా, లేదా?"

నేను ఉలిక్కిపడి లేచాను. "అయ్యా, ఆ మాట మార్చి అడగండి. కొట్టారా అని అడగండి."

సభ్యులవారు నన్ను జాలిగా చూశారు. "మీరు పెద్దలు. మర్యాద మాసంలో పోలీసువారి ఎదుట అటువంటి ప్రశ్న వెయ్యవచ్చునా? అది అమర్యాద కాదా? పైగా మండలి నిర్ణయించిన ప్రశ్న ఇదొక్కటే. కూర్చోండి. నాయనా, నువ్వు చెప్పు. నీ ఒక్క మాట మీద అంతా ఆధారపడి ఉంది. జరిగిందా, లేదా?"

తాతబ్బాయి సభ్యులవారి వైపు చూశాడు. ఆయన భుజం మీదుగా అబ్బులుగారి చెయ్యి చూశాడు. గేటు బయట క్యారియరు పట్టుకుని నిలబడ్డ నూకరత్నాన్ని చూశాడు.

"లోటేమైనా జరిగి ఉంటే భయం లేకుండా చెప్పు," అన్నారు సభ్యులవారు. "ఇప్పుడే, నా ఎదటే పూర్తి చేయిస్తాను."

"జరిగిందండి!" అన్నాడు తాతబ్బాయి. "బాగా జరిగిందండి. ఏ పూటా లోటు రానివ్వలేదండి. ఇంక చాలండి బాబూ, చాలండి." రెండు చేతులూ జోడించాడు. కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారుతున్నాయి.

సభ్యులవారి కళ్ళు కూడా చెమర్చాయి. "అనుమానితుడు స్వయముగా, ఎవరి బలవంతము లేక, ఆనందబాష్పములతో తనకు జరిగిన మర్యాదను కొనియాడెను," అని అక్కడికక్కడే చెప్పి రాయించారు. తర్వాత ఎస్సైగారి భుజం తట్టి, "మర్యాదకు కూడా ఒక పరిమితి ఉంటుందయ్యా. పాపం చాలంటున్నాడు కదా, ఇంక పంపించు," అన్నారు. ప్రశంసాపత్రం మీద మండలి ముద్ర కూడా పడుతోంది గనుక ఎస్సైగారికి అభ్యంతరం లేకపోయింది. పాలవరపుపేట స్టేషను ఆ ఏడాది రాష్ట్రంలో ఉత్తమ మర్యాద స్టేషనుగా ఎంపికైంది.

తాతబ్బాయిని నూకరత్నం ఒకవైపు, నేనొకవైపు పట్టుకుని రిక్షా ఎక్కించాం. నాకు ఒళ్ళు మండిపోతోంది. ఎవరి మీద మండాలో తెలియక అతని మీదే మండింది. "ఎందుకలా చెప్పావయ్యా? ఒక్క ముక్క నిజం చెప్పి ఉంటే వాళ్ళ పని పట్టేవాళ్ళం కదా!"

"నిజవే చెప్పేనండి మాస్టారూ," అన్నాడు తాతబ్బాయి. "జరిగిందా అన్నారు. జరిగింది. లేదంటే మళ్ళీ చేయిత్తానన్నారు, మీరూ విన్నారు కదండీ."

విన్నాను. నూకరత్నం కొంగుతో అతని పాదాల మీద ఈగలు తోలుతోంది. రిక్షా కాలవ గట్టు ఎక్కాక అతనే మళ్ళీ మాట్లాడాడు.

"కాళ్ళు నయమయ్యాక మళ్ళీ పన్లోకెల్లాలి కదండీ. పెళ్ళోళ్ళొత్తే కుర్రాళ్ళకి ఏదో ఒకటి పురమాయించాలి. ఆ మాట ఇంక నా నోటంట రాదండి. మీరు తెలుగు చెప్పినోరు. మా పనికి ఇంకో మాటేదైనా ఉంటే చెప్దురూ."

చెప్పబోయాను. సత్కారం అనబోయాను. స్టేషనులో సత్కారం అంటే ఏమిటో గుర్తొచ్చింది. సన్మానం అనుకున్నాను. అదీ వాళ్ళదే. పూజ వాళ్ళు తీసుకున్నారు. వడ్డన తీసుకున్నారు. తాంబూలం, హారతి, చివరికి పెళ్ళి చెయ్యడం కూడా వాళ్ళు తీసుకున్నారు. మనిషికి మనిషి చేసే ప్రతి మంచి పనికీ ఉన్న మాట ఒక్కొక్కటే పట్టుకుని చూశాను. నా ముప్పై ఆరేళ్ళ తెలుగులో వాళ్ళ చేతి వేలు పడని మాట ఒక్కటీ తగల్లేదు.

తాతబ్బాయి నా మొహం వైపే చూస్తున్నాడు. రిక్షా వాళ్ళ వీధిలోకి తిరిగింది.

"ముందు కాళ్ళు నయం కానీవయ్యా," అన్నాను.